కంప్యూటర్ టెలిస్కోపు గురి కుదరాలంటే...

 

నేను ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పూర్తిచేశాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, తమ్ముళ్ళకు చేతిలో పనికొచ్చే పాఠం ఒకటి రాస్తే బాగుంటుందనిపించింది. మన పూర్వ విద్యార్థులంతా కలిసి హాస్టల్‌కు ఒక కంప్యూటర్ టెలిస్కోపు కొనివ్వాలని అనుకుంటున్నారు. అది వచ్చేలోపే దాన్ని వాడే పద్ధతి తెలిసి ఉండటం మంచిది. అందుకే ఈ వ్యాసం.

గురి ఎందుకు ముఖ్యం?

ఒక చిన్న లెక్క చూద్దాం. హాస్టల్లో 120 మంది ఉన్నారనుకోండి. రాత్రి 8 గంటలకు మొదలుపెట్టి ఒక్కొక్కరికి ఒక నిమిషం చొప్పున శనిగ్రహాన్ని చూపిస్తే అందరూ చూసేసరికి 10 అవుతుంది. అదే లైట్లు ఆర్పే వేళ. ఇప్పుడు ప్రతి పదిమందికి ఒకసారి గ్రహం తప్పిపోయి, దాన్ని వెతకడానికి 2 నిమిషాలు పట్టిందనుకోండి. మొత్తం 24 నిమిషాలు వెతుకులాటకే పోతాయి. అంటే 24 మంది చూడకుండానే పడుకుంటారు. ఆ 24 మంది ఎవరు? వరుసలో చివరనున్నవాళ్ళు. పెద్దవాళ్ళు తోసుకుని ముందుకు వస్తే చివర మిగిలేది చిన్న తరగతుల పిల్లలే. అన్నం దగ్గరైనా, బకెట్ దగ్గరైనా వరుసలో చివర నిలబడటం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

కాబట్టి టెలిస్కోపు గురి అనేది యంత్రం గొప్ప చెప్పుకోవడానికి కాదు, చివరి పిల్లవాడికి కూడా వంతు రావడానికి.

యంత్రానికి ఏం తెలుసు?

కంప్యూటర్ టెలిస్కోపులో రెండు మోటార్లు ఉంటాయి. ఒకటి గొట్టాన్ని కుడి ఎడమలకు తిప్పుతుంది. రెండోది పైకీ కిందికీ ఎత్తి దించుతుంది. మొదటి కోణాన్ని దిగంశం అంటారు, రెండోదాన్ని ఉన్నతాంశం అంటారు. మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టే చిన్న సాధనాలు లోపల ఉంటాయి. వాటిని ఎన్‌కోడర్లు అంటారు. చేతిలో పట్టుకునే హ్యాండ్ కంట్రోలులో వేల చుక్కల చిరునామాలు ముందే నింపి ఉంటాయి.

అయితే యంత్రానికి కళ్ళు లేవు. అది ఏ ఊళ్ళో ఉందో, ఇప్పుడు టైం ఎంతో, ఉత్తరం ఎటో దానికి తెలియదు. ఆ సంగతులన్నీ మనమే చెప్పాలి. ముందు తేదీ, సమయం, ఊరు చెబుతాం. తర్వాత రెండు మూడు చుక్కల్ని మన చేత్తో ఐపీస్ మధ్యకు తెచ్చి, "ఇదిగో, ఇది ఫలానా చుక్క" అని బటన్ నొక్కుతాం. దీన్నే అలైన్‌మెంట్ అంటారు. ఆ రెండు చుక్కల ఆధారంగా మిగతా ఆకాశమంతా ఎక్కడుందో యంత్రం లెక్కకడుతుంది. మనం చెప్పింది తప్పయితే దాని లెక్క ఎంత సరైనా జవాబు తప్పే వస్తుంది.

నేను చూసిన ఒక టెలిస్కోపు "రిపేరు" అని చీటీ అంటించుకుని చాలాకాలం బీరువాలో ఉంది. తీసి చూస్తే యంత్రంలో ఏ లోపమూ లేదు. దానిలో రేఖాంశం 78 డిగ్రీలు తూర్పు అని ఉండాల్సిన చోట 78 డిగ్రీలు పడమర అని ఉంది. అంటే భూగోళం మీద 156 డిగ్రీల తేడా! మనకు రాత్రి ఎనిమిదయితే అది మరో దేశపు పగటి ఆకాశాన్ని లెక్కకడుతోంది. ఒక్క అక్షరం మార్చగానే అది పనిచేసింది. అందుకే పనికిరాదని చీటీ రాసే ముందు కారణం వెతకాలి.

ఎంత కచ్చితంగా ఉండాలి?

ఉదాహరణకు సెలెస్ట్రాన్ నెక్స్‌స్టార్ 130 ఎస్‌ఎల్‌టి అనే టెలిస్కోపును తీసుకుందాం. దాని అద్దం వ్యాసం 130 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 650 మిల్లీమీటర్లు. దానితోపాటు 25, 9 మిల్లీమీటర్ల ఐపీసులు వస్తాయి. ఐపీస్ అంటే మన పాఠ్యపుస్తకంలోని అక్షికటకమే. 650ని 25తో భాగిస్తే 26 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అందులో కనిపించే ఆకాశం వెడల్పు సుమారు 1.9 డిగ్రీలు. 9 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 72 రెట్లు. అప్పుడు వెడల్పు సుమారు 0.7 డిగ్రీలు మాత్రమే. నిండు చంద్రుడి వెడల్పు అర డిగ్రీ అని గుర్తుంచుకుంటే ఈ కొలతలు తేలిగ్గా అర్థమవుతాయి.

వస్తువు మధ్యలో ఉండాలంటే తప్పు ఈ వెడల్పులో సగం కంటే తక్కువ ఉండాలి. అంటే 25 మిల్లీమీటర్ల ఐపీస్‌లో దాదాపు ఒక డిగ్రీ దాకా తప్పినా అంచులోనైనా కనిపిస్తుంది. 9 మిల్లీమీటర్ల ఐపీస్‌లో డిగ్రీలో మూడోవంతు తప్పితే చాలు, కనిపించకుండా పోతుంది. చేయి బాగా చాపి చూస్తే చిటికెనవేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ, పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు.

డిగ్రీలో 60వ వంతును కోణీయ నిమిషం అంటారు. ఇకనుంచి తప్పును ఈ నిమిషాల్లోనే కొలుద్దాం.

మొదటి మెట్టు: తేదీ, సమయం, ఊరు

ఇక్కడ నాలుగు విషయాలు జాగ్రత్తగా చూడాలి.

1. తేదీ: చాలా టెలిస్కోపుల్లో ముందు నెల, తర్వాత రోజు కొట్టాలి. ఫిబ్రవరి 10వ తేదీని మన అలవాటు ప్రకారం 10-02 అని కొడితే అది అక్టోబరు 2 అనుకుంటుంది.

2. సమయం: భూమి తిరగడం వల్ల ఆకాశం 4 నిమిషాలకు ఒక డిగ్రీ, గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. మన దేశ సమయం గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఆ అరగంట మరచిపోతే ఏడున్నర డిగ్రీల తేడా వస్తుంది.

3. డేలైట్ సేవింగ్: కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు. ఇక్కడ ఎప్పుడూ "స్టాండర్డ్ టైం" అనే ఎంచుకోవాలి. లేకపోతే 15 డిగ్రీలు, అంటే పిడికిలిన్నర తేడా.

4. ఊరు: హైదరాబాద్ అయితే అక్షాంశం 17 డిగ్రీల 23 నిమిషాలు ఉత్తరం, రేఖాంశం 78 డిగ్రీల 29 నిమిషాలు తూర్పు. మన ఊరి పేరు జాబితాలో లేకపోతే కంగారు పడొద్దు. ఉత్తర దక్షిణాలుగా 111 కిలోమీటర్లు పోతే ఒక డిగ్రీ మారుతుంది. కాబట్టి దగ్గరలోని నగరం ఇచ్చినా పరవాలేదు. తూర్పు, ఉత్తరం అనే అక్షరాలు మాత్రం రెండుసార్లు చూడాలి.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. రెండు చుక్కల్ని మనమే పేరుపెట్టి చూపించే పద్ధతిలో టైం కొంచెం తప్పుగా ఉన్నా చుక్కలు చాలావరకు సరిగానే దొరుకుతాయి. ఎందుకంటే చుక్కల మధ్య దూరాలు మారవు. కానీ చంద్రుడు మాత్రం దొరకడు. చంద్రుడు చుక్కల మధ్య గంటకు సుమారు అర డిగ్రీ కదులుతాడు. అయిదున్నర గంటలు తప్పు చెబితే దాదాపు మూడు డిగ్రీలు పక్కన వెతుకుతుంది. చుక్కలన్నీ కుదిరి చంద్రుడు ఒక్కడే తప్పితే వెంటనే తేదీ, టైం చూడండి.

రెండో మెట్టు: స్టాండు, మట్టం, కరెంటు

మా నాయన తాపీ మేస్త్రి. గోడ కట్టేముందు మొదటి వరస ఇటుకల దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాడు. అక్కడ పోయిన మట్టం పైన ఎంత సవరించినా కుదరదంటాడు. టెలిస్కోపు స్టాండుకూ అదే న్యాయం.

మూడు కాళ్ళూ గట్టినేల మీద ఆనాలి. మెత్తటి మట్టి అయితే ఒక్కో కాలి కింద చిన్న బండ ముక్క గానీ పలక గానీ పెట్టండి. స్టాండు మీద రసమట్టం పెట్టి బుడగ మధ్యకు వచ్చేలా కాళ్ళు సర్దండి. రెండు చుక్కల పద్ధతిలో కొంచెం వాలు ఉన్నా యంత్రం లెక్కలో సర్దుకుంటుంది. ఒకే చుక్కతో గానీ గ్రహంతో గానీ అలైన్ చేస్తే మాత్రం మట్టం తప్పనిసరి. రెండిట్లోనూ మధ్యలో స్టాండు కదలకూడదు. అలైన్‌మెంట్ అయ్యాక ఎవరి కాలైనా తగిలిందంటే పని మళ్ళీ మొదటికి వచ్చినట్టే. అందుకే స్టాండు చుట్టూ సున్నంతో గీత గీసి, ఒక్కొక్కరినే లోపలికి పంపండి. టెలిస్కోపును పట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని చూడమని చెప్పండి.

గొట్టాన్ని బిగించే మరలు, ఐపీస్ మర సరిగా బిగించారో లేదో చూడండి. బరువైన కెమెరా గానీ సెల్‌ఫోను గానీ తగిలించాలంటే అలైన్‌మెంట్‌కు ముందే తగిలించాలి. మధ్యలో తగిలిస్తే బరువు మారి గొట్టం కొద్దిగా వంగుతుంది.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ టెలిస్కోపులో 8 పెన్సిల్ సెల్స్ వేస్తారు. మోటార్లు వేగంగా తిరిగేటప్పుడు ఆ సెల్స్ తొందరగా నీరసపడతాయి. వోల్టేజి పడిపోతే యంత్రం ఉన్నట్టుండి ఆగడం, లెక్క తప్పడం జరుగుతుంది. కంప్యూటర్ల యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ వాడితే రాత్రంతా నిశ్చింత. పిన్ను లోపలి భాగం ప్లస్, బయటి భాగం మైనస్ ఉండాలి. దారిలో ఒక ఫ్యూజు వేయాలి. వైరు లాగుకుపోకుండా వదులుగా వదలాలి. ఇది పెద్దవాళ్ళ సాయంతో చేయాల్సిన పని.

పగలే చేయాల్సిన పని మరొకటి ఉంది. టెలిస్కోపు మీద ఎర్రచుక్క కనిపించే చిన్న ఫైండర్ ఉంటుంది. కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవరు కొనను ఐపీస్ మధ్యకు తెచ్చి, ఎర్రచుక్క కూడా సరిగ్గా అదే కొన మీద పడేలా మరలు సర్దండి. రాత్రిపూట సగం శ్రమ తప్పుతుంది.

ముఖ్య హెచ్చరిక: ముందువైపు సరైన సోలార్ ఫిల్టర్ బిగించకుండా టెలిస్కోపును సూర్యుడి వైపు ఎన్నడూ తిప్పకూడదు. క్షణంలో కన్ను పోతుంది. పగలు పని అయిపోగానే మూత పెట్టేయండి.

మూడో మెట్టు: చుక్కల ఎంపిక

గోడ కట్టేటప్పుడు మేస్త్రి రెండు మేకుల మధ్య దారం కడతాడు. మేకులు జానెడు దూరంలో కొట్టి ఆ దారం చూపును ఇరవై అడుగుల దాకా పొడిగిస్తే గోడ ఎక్కడికి పోతుందో చెప్పలేం. అదే గోడకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి కొడితే దారం నిజం చెబుతుంది. అలైన్‌మెంట్ చుక్కలు కూడా ఆ మేకుల్లాంటివే. రెండూ దగ్గరగా ఉంటే చిన్న తప్పు ఆకాశం అవతలి వైపుకు వెళ్ళేసరికి పెద్దదవుతుంది.

ఎంపికకు మూడు సూత్రాలు:

- రెండు చుక్కల మధ్య దిక్కుల్లో సుమారు 90 డిగ్రీలు, అంతకంటే కొంచెం ఎక్కువ ఎడం ఉండాలి.
- మరీ కింద ఉన్న చుక్క వద్దు. వాతావరణంలో వక్రీభవనం వల్ల చుక్క ఉన్నచోటు కంటే పైన కనిపిస్తుంది. 45 డిగ్రీల ఎత్తులో ఈ తేడా ఒక కోణీయ నిమిషమే. 10 డిగ్రీల ఎత్తులో సుమారు 5 నిమిషాలు, దిగంతం దగ్గర సుమారు 34 నిమిషాలు.
- సరిగ్గా నడినెత్తిన ఉన్న చుక్క వద్దు. అక్కడ గొట్టం నిట్టనిలువుగా ఉండి, కుడి ఎడమలకు ఎంత తిప్పినా చుక్క పెద్దగా కదలదు. ఆ దిక్కు కొలత నమ్మలేం. మన ప్రాంతంలో రోహిణి, మఖ నక్షత్రాలు దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి. ఆ వేళలో వాటిని వదిలేయండి.

హ్యాండ్ కంట్రోలులో చుక్కల పేర్లు ఇంగ్లీషులో వస్తాయి. వాటిని చూసి బెదరక్కర్లేదు. చాలావరకు మన ఇళ్ళలో పంచాంగంలో, కార్తెల్లో వినే పేర్లే:

ఆల్డెబరాన్ – రోహిణి
బీటెల్‌గ్యూస్ – ఆర్ద్ర
పోలక్స్ – పునర్వసు జంటలో ఒకటి
రెగ్యులస్ – మఖ
స్పైకా – చిత్త
ఆర్క్‌టురస్ – స్వాతి
అంటారెస్ – జ్యేష్ఠ
వేగా – అభిజిత్
ఆల్టెయిర్ – శ్రవణం
సిరియస్ – లుబ్ధకం
కనోపస్ – అగస్త్య నక్షత్రం
కపెల్లా – బ్రహ్మహృదయం
పొలారిస్ – ధ్రువ నక్షత్రం

రోహిణి కార్తె ఎండల గురించి, ఆర్ద్రలో పడే వానల గురించి మన అమ్మానాన్నలు చెబుతుంటే విన్నాం. ఆ చుక్కల్నే వేలుపెట్టి చూపించమంటే మనలో ఎంతమంది చూపించగలం? చుక్కను ఒకటి అనుకుని వేరొకటి చూపిస్తే గురి మొత్తం పోతుంది. కాబట్టి టెలిస్కోపు రాకముందే ఈ పదమూడు పేర్లు నేర్చుకోవడం మొదటి హోంవర్కు.

రాత్రి 8 గంటలకు తెలుగు నేల మీద పనికొచ్చే మూడు జతలు:

ఫిబ్రవరి మొదట్లో: ఉత్తరాన ఎత్తుగా బ్రహ్మహృదయం, ఆగ్నేయంలో లుబ్ధకం.
ఏప్రిల్ చివర: తూర్పు ఆగ్నేయంలో చిత్త, నైరుతిలో లుబ్ధకం.
నవంబరు మొదట్లో: పడమట శ్రవణం, దక్షిణాన ఒంటరిగా మెరిసే ఫోమల్‌హాట్.

నాలుగో మెట్టు: నడిమధ్యకు తేవడం

"మధ్యలోనే ఉంది" అని కంటి అంచనాతో బటన్ నొక్కితే అక్కడే పది, పదిహేను కోణీయ నిమిషాల తప్పు చేరుతుంది. ముందు 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో చుక్కను పట్టుకుని, తర్వాత 9 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి మధ్యకు తేవాలి. ఖర్చులేని చిట్కా ఒకటుంది. ఫోకస్ మరను తిప్పి చుక్కను కావాలనే మసక చేయండి. ఈ రకం టెలిస్కోపులో అది మధ్యలో చిల్లు ఉన్న గారెలా పెద్దగా కనిపిస్తుంది. చిన్న చుక్క కంటే పెద్ద గారెను గుండ్రటి అంచుల మధ్య సమంగా కూర్చోబెట్టడం తేలిక.

రెండో సంగతి పళ్ళచక్రాల ప్లే. పాత ట్రాక్టర్ స్టీరింగు తిప్పి చూడండి. కుడికి తిప్పుతూ ఉన్నట్టుండి ఎడమకు తిప్పితే కొంతదూరం చక్రాలు కదలవు. స్టీరింగు మాత్రమే తిరుగుతుంది. టెలిస్కోపు పళ్ళచక్రాల్లోనూ అంతే. మోటారు తిరిగిందని ఎన్‌కోడర్ లెక్క వేసుకుంటుంది, గొట్టం మాత్రం కదిలి ఉండదు. ఈ తప్పు పోవాలంటే ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి ఆగాలి. సెలెస్ట్రాన్ టెలిస్కోపుల్లో చివరి కదలిక పైబాణం, కుడిబాణం బటన్లతోనే ఉండాలి. చుక్క మధ్యను దాటిపోయిందా, వెనక్కి బాగా తీసుకెళ్ళి మళ్ళీ అవే రెండు బటన్లతో తీసుకురండి. వేరే కంపెనీ టెలిస్కోపు అయితే దాని పుస్తకంలో ఏ వైపు చెప్పారో చూడాలి.

హ్యాండ్ కంట్రోలులో "యాంటీ బ్యాక్‌లాష్" అనే సర్దుబాటు కూడా ఉంటుంది. దిశ మార్చినప్పుడు మోటారును ఒక్క ఉదుటున తిప్పి ప్లే తీసేయడం దాని పని. చిన్న సంఖ్యతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచండి. బటన్ నొక్కగానే బొమ్మ కదలాలి, గెంతకూడదు. గెంతితే ఒక మెట్టు తగ్గించండి.

అయిదో మెట్టు: తప్పును కొలవడం

ఇదే ఈ వ్యాసంలో అసలు పాఠం. గురి కుదరనప్పుడు అందరూ బటన్లు నొక్కుతూ మళ్ళీ మళ్ళీ మొదటినుంచి చేస్తారు. అలా చేస్తే ఏది మార్చడం వల్ల బాగుపడిందో, ఏది మార్చడం వల్ల చెడిందో తెలియదు. ఏమీ మార్చకముందు కొలవాలి.

ముందు మన కొలబద్ద తయారుచేసుకుందాం. మోటారు ఆపి, ఓరియన్ నడుము పట్టీలా వరుసగా కనిపించే మూడు చుక్కల్లో ఒకదాన్ని ఐపీస్ అంచున పెట్టండి. అది మధ్యగుండా దాటి అవతలి అంచుకు పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. దాన్ని 15తో హెచ్చించండి. అదే మీ ఐపీస్ వెడల్పు, కోణీయ నిమిషాల్లో. 9 మిల్లీమీటర్ల ఐపీస్‌లో సుమారు 2 నిమిషాల 48 సెకన్లు పట్టాలి. అంటే 42 కోణీయ నిమిషాలు. చేతి గడియారం ఒక్కటి చాలు.

ఇప్పుడు ఆకాశంలో వేర్వేరు దిక్కుల్లో అయిదు చుక్కల దగ్గరికి టెలిస్కోపును పంపండి. ప్రతిసారీ చుక్క మధ్యకు ఎటువైపు, ఎంత దూరంలో ఆగిందో నోటుబుక్కులో రాయండి. దేన్నీ సర్దొద్దు. ఫలితం ఇలా వచ్చిందనుకుందాం:

మొదటి రాత్రి: కుడికి 20, 22, 18, 21, 19. సగటు కుడికి 20.
రెండో రాత్రి: కుడికి 20, ఎడమకు 18, కుడికి 15, ఎడమకు 19, కుడికి 7. సగటు కుడికి 1.

సగటు చూసి రెండో రాత్రే మేలు అనుకోకూడదు. మొదటి రాత్రి అయిదు తప్పులూ ఒకే మాట మీద ఉన్నాయి. కారణం ఒక్కటే ఉండాలి. అది దొరికితే అన్నీ ఒకేసారి పోతాయి. రెండో రాత్రి తప్పులు ఎటుపడితే అటు చెదిరి ఉన్నాయి. ఒక్క సంఖ్య కలిపినా, తీసినా లాభం లేదు. ఎక్కడో వదులు ఉంది. సగటుతోపాటు చెదురును కూడా చూడాలి. పరీక్షలో స్టాటిస్టిక్స్ లెక్క మార్కుల కోసం చేస్తాం. ఇక్కడ అదే లెక్క మర ఎక్కడ బిగించాలో చెబుతుంది.

లక్షణాన్ని బట్టి కారణం ఇలా పట్టుకోవచ్చు:

- అన్నీ ఒకే వైపు, ఒకే మోతాదులో తప్పితే: అలైన్‌మెంట్ చుక్కను సరిగా మధ్యకు తేలేదు, లేదా స్టాండు తిరిగింది.
- ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తప్పితే: ప్లే ఉంది. చివరి కదలిక ఒకే వైపు ఉండటం లేదు.
- అలైన్‌మెంట్ చుక్కల దగ్గర బాగుండి, దూరం పోయేకొద్దీ చెడితే: చుక్కలు దగ్గరగా ఎంచుకున్నారు, లేదా ఒక చుక్క వేరేది. గొట్టం దాని ఇరుసుకు మూలమట్టంగా లేకపోయినా ఇలాగే జరుగుతుంది. గొట్టాన్ని విప్పి సరిగా కూర్చోబెట్టి చూడండి.
- మొదట బాగుండి, గంట గడిచేకొద్దీ చెడితే: కాలు మట్టిలో దిగుతోంది, మర జారుతోంది, వైరు లాగుతోంది, లేదా బ్యాటరీ అయిపోతోంది.
- చుక్కలు బాగుండి, చంద్రుడు మాత్రం తప్పితే: తేదీ, టైం.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక మళ్ళీ అయిదు చుక్కలు కొలవండి. ఆలస్యమైనట్టు అనిపిస్తుంది గానీ ఇదే దగ్గరిదారి.

పెద్ద టెలిస్కోపులు, మన హైదరాబాదు

ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపులు కూడా చేసేది ఇదే. ఇనుప చట్రం వాలు, గొట్టం తన బరువుకు వంగడం, ఇరుసులు సరిగ్గా మూలమట్టంగా లేకపోవడం వంటి లోపాలు కోట్ల రూపాయల యంత్రాలకూ ఉంటాయి. ఆకాశమంతా పదుల కొద్దీ చుక్కల మీద తప్పులు కొలిచి, ఒక్కో లోపానికి ఒక్కో సంఖ్య కనుక్కుని, కంప్యూటర్ లెక్కలో కలుపుతారు. ప్యాట్రిక్ వాలెస్ అనే ఆయన తయారుచేసిన టీపాయింట్ అనే ప్రోగ్రాం ఇందుకు పేరుపొందింది. లోపంలేని యంత్రం ఎక్కడా లేదు. లోపాన్ని కొలిచి పెట్టుకున్న యంత్రం, కొలవని యంత్రం అని రెండే రకాలు.

మరి చుక్కల చిరునామాలు ఎవరు రాశారు? 1887లో పారిస్‌లో శాస్త్రవేత్తలు సమావేశమై ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, వేర్వేరు దేశాల వేధశాలలకు పంచారు. ప్రతి పట్టీనీ ఫొటో తీసి చుక్కల స్థానాలు కొలవాలని నిర్ణయం. అందులో దక్షిణ క్రాంతి 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాదులోని నిజామియా వేధశాలకు వచ్చింది. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఆ వేధశాల తర్వాత బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. 8 అంగుళాల టెలిస్కోపుతో గాజుపలకల మీద ఫొటోలు తీసి, ఒక్కొక్క చుక్క స్థానాన్నీ ఏళ్ళ తరబడి మనుషులే కొలిచారు. ఆనాటి కొలతల్ని కొత్త ఉపగ్రహ కొలతలతో పోల్చి, చుక్కలు నెమ్మదిగా ఎటు కదులుతున్నాయో లెక్కగట్టి, 2000లో సుమారు 25 లక్షల చుక్కలతో టైకో-2 అనే జాబితా ప్రకటించారు. అందులో బేగంపేటలో కళ్ళు చిట్లించి అంకెలు రాసినవారి కష్టం కూడా ఉంది. జాగ్రత్తగా రాసిన అంకె, రాసినవాళ్ళు పోయాక కూడా పనిచేస్తుంది.

చివరిగా ఒక మాట

మన హాస్టల్లో ఒక ఇబ్బంది ఉంది. నేర్చుకున్న పెద్దవాళ్ళు పదో తరగతి అయిపోగానే వెళ్ళిపోతారు. వాళ్ళతోపాటు వాళ్ళు నేర్చుకున్నదీ పోతుంది. టెలిస్కోపు వచ్చిన రెండేళ్ళకు అది బీరువా ఎక్కిందంటే కారణం అదే అవుతుంది. అందుకని టెలిస్కోపుతోపాటు ఒక లాంగ్ నోటుబుక్కు పెడదాం. ప్రతి రాత్రీ తేదీ, ఏ చుక్కలతో అలైన్ చేశారు, అయిదు తప్పులు ఎంత, ఏం మార్చారు, ఏం బాగుపడింది అని రాయండి. కింద రాసినవారి పేరు, తరగతి ఉండాలి. ఎనిమిదో తరగతి వాళ్ళిద్దరు ఎప్పుడూ ఆ పనిలో ఉంటే, మిగతావాళ్ళు వెళ్ళిపోయినా ఇంకో రెండేళ్ళు విద్య హాస్టల్లోనే ఉంటుంది.

అన్నలకు నా మనవి: టెలిస్కోపుకు డబ్బు ఇవ్వడంతోపాటు, మీలో దగ్గర ఊళ్ళలో ఉన్నవారు ఏడాదికి ఒక్క రాత్రి వచ్చి ఆ నోటుబుక్కు తిరగేసి, తమ్ముళ్ళతో కూర్చుని అయిదు చుక్కలు కొలవండి. నేను కూడా వస్తాను.

తమ్ముళ్ళకు చెప్పేది ఇంతే. గురి కుదిరిన రాత్రి ముందుగా మీరు చూడొద్దు. వరుసను వెనకనుంచి మొదలుపెట్టండి. అందరికంటే చిన్నవాడు మొదట చూడాలి.